శాంతి, సంఘర్షణ అధ్యయనాలలో మూల భావనలు: సంఘ కాపరులకు ఒక పరిచయం

తెలుగు క్రైస్తవునికి 'సమాధానము' అనే మాట ఎంతగా అలవాటైపోయిందంటే, దాని అర్థం గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరమే కనిపించదు. సంఘం వెలుపల ఉన్న తెలుగువారికి మాత్రం సమాధానమంటే ప్రశ్నకు జవాబు. మన పాత తెలుగు బైబిలు అనువాదం హెబ్రీ భాషలోని షాలోంను సందర్భాన్ని బట్టి సమాధానము అనో, క్షేమము అనో తెలిపింది. కొత్త నిబంధనలోని ఐరేనేను సమాధానము అన్నది. అంతటితో ఆగలేదు. 2 కొరింథీ 5:18-20లో పౌలు వాడిన కతల్లగే అనే పదం ఐరేనే కాదు. తెగిపోయిన సంబంధాన్ని తిరిగి కలపడం దాని అర్థం. తెలుగులో అది కూడా సమాధానపరచుట అయింది. మత్తయి 5:24లో మరొక గ్రీకు క్రియ ఉన్నది. అక్కడా మనకు సమాధానపడుటే కనిపిస్తుంది.

ఇది అనువాదకుల తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే దీనివల్ల తెలుగు ప్రసంగీకునికి ఒక ఇబ్బంది ఏర్పడింది. ఒక స్థితిగా ఉన్న శాంతి, ఆ స్థితికి చేర్చే ప్రక్రియ, చెడిన బాంధవ్యాన్ని బాగుచేసే పని, గొడవ ఆగితే చాలనుకునే సర్దుబాటు: ఈ నాలుగూ మన ప్రసంగాల్లో ఒకే మాట కిందికి వచ్చి చేరుతున్నాయి. పల్లెలో ఏదైనా తగాదా వచ్చి, 'అయ్యగారూ, మీరు వచ్చి సమాధానపరచండి' అని ఎవరైనా పిలిస్తే, ఈ నాలుగింటిలో దేనికోసం పిలుస్తున్నారో కాపరి గుర్తించగలగాలి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఒక ప్రత్యేక విద్యగా రూపుదిద్దుకున్న శాంతి, సంఘర్షణ అధ్యయనాలు ఈ తేడాలకు వేరువేరు పేర్లు పెట్టాయి. వాటిలో కాపరులకు, వేదాంత విద్యార్థులకు పనికివచ్చే కొన్నింటిని ఇక్కడ పరిచయం చేస్తున్నాను.

సంఘర్షణ వేరు, హింస వేరు

ఈ విద్యలో మొదటి పాఠం ఇదే. ఇద్దరు వ్యక్తులు గాని రెండు వర్గాలు గాని తమ లక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగవని భావించే స్థితిని సంఘర్షణ అంటారు. హింస అనేది ఆ స్థితికి మనుషులు స్పందించే అనేక విధానాల్లో ఒకటి మాత్రమే. కాబట్టి సంఘర్షణ దానంతట అది పాపం కాదు, వ్యాధి కూడా కాదు. ఎక్కడో ఏదో సరిగా లేదని తెలియజేసే సూచన అది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతున్నదని సణుగుడు పుట్టింది. సణుగుట పాపమని అపొస్తలులు ప్రసంగించి ఊరుకోలేదు. పంపకపు ఏర్పాటునే మార్చారు. ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లేనని వ్యాఖ్యాతలు చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. అంటే ఫిర్యాదు ఏ పక్షం నుండి వచ్చిందో ఆ పక్షానికే బాధ్యత అప్పగించారన్నమాట.

నార్వే దేశీయుడైన యోహాన్ గాల్టుంగ్ సంఘర్షణను ఒక త్రిభుజంగా చూపించాడు. పైకి కనిపించే మూల ప్రవర్తన: తిట్టుకోవడం, కొట్టుకోవడం, వెలివేయడం. కింద కనిపించని మూలలు రెండు. ఒకటి వైఖరి, అనగా ద్వేషం, భయం, చులకన భావం. రెండవది వైరుధ్యం, అనగా అసలు దేనికోసం పొసగడం లేదో ఆ విషయం. మన సంఘాల్లో మాల, మాదిగ విభేదాలను ఈ త్రిభుజంతో చూస్తే ఎంతో తేటపడుతుంది. ప్రకాశం జిల్లాలో 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. ఇరవై ఏళ్ల తరువాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. ఈ వివాదంలో వైరుధ్యం వాటాకు సంబంధించినది. సంఘం లోపల అదే వాటా తగవు కమిటీ పదవుల రూపంలోను, కాపరుల నియామకాల రూపంలోను, మిషను సంస్థల ఉద్యోగాల రూపంలోను వస్తుంది. ఆదివారం నాడు ఒకరినొకరు ప్రేమించవలెనని ప్రసంగిస్తే వైఖరి అనే మూలను కొంత తాకగలం. వాటా ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వచ్చే ఎన్నికల్లో అది మళ్లీ పైకి వస్తుంది.

హింసకు మూడు రూపాలు

గాల్టుంగ్ 1930లో ఓస్లోలో జన్మించాడు. అతడు బాలుడుగా ఉండగా జర్మనీ నార్వేను ఆక్రమించింది. వైద్యుడైన తండ్రిని నాజీలు నిర్బంధించారు. యువకుడైన తరువాత సైనిక సేవకు మనస్సాక్షి ఒప్పుకోదన్న కారణంగా తానే ఆరు నెలలు చెరసాలలో గడిపాడు. తత్వవేత్త ఆర్నె నేస్‌తో కలిసి గాంధీ రాజకీయ నీతిపై గ్రంథం రాశాడు. 1959లో ఓస్లోలో శాంతి పరిశోధనా సంస్థను, 1964లో ఆ విద్యకొక పరిశోధనా పత్రికను స్థాపించాడు. 2024 ఫిబ్రవరిలో మరణించాడు. ఈ విద్యలో మనం వాడే పదాల్లో చాలావరకు అతడు మలచినవే.

1969లో రాసిన ఒక వ్యాసంలో అతడు హింసకు విశాలమైన నిర్వచనం ఇచ్చాడు. మనుషులు ఎలా జీవించగలిగి ఉండేవారో, వాస్తవంగా ఎలా జీవిస్తున్నారో ఆ రెంటి మధ్య దూరాన్ని పెంచేది, ఆ దూరం తగ్గకుండా అడ్డుపడేది హింస. దీనికి అతడిచ్చిన ఉదాహరణ క్షయ. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక మనిషి క్షయతో మరణిస్తే దాన్ని హింస అనలేము, ఎందుకంటే అప్పటికి దానికి మందు లేదు. ప్రపంచంలో వైద్యమంతా అందుబాటులో ఉన్న కాలంలో కూడా ఒకడు క్షయతో మరణిస్తే అక్కడ హింస ఉన్నది. కత్తి పట్టినవాడు ఎవడూ కనిపించడు. అయినా మనిషి చనిపోయాడు. దీనికే నిర్మాణగత హింస అని పేరు. క్షయ ఆసుపత్రులు నడిపిన సంఘ చరిత్ర మనకున్నది గనుక ఈ ఉదాహరణ మనకు పరాయిది కాదు.

ఈ నిర్వచనాన్ని అందరూ ఒప్పుకోలేదు. క్వేకరు సంఘానికి చెందిన ఆర్థికవేత్త కెనెత్ బోల్డింగ్ 1977లో గాల్టుంగ్‌తో పన్నెండు స్నేహపూర్వక తగవులు పెట్టుకుంటూ ఒక వ్యాసం రాశాడు. పేదరికాన్ని హింస అనడం ఒక ఉపమానమే గాని విశ్లేషణ కాదని, కొట్టేవాడిని ఆపే పద్ధతులు వేరు, పేదరికాన్ని తొలగించే పద్ధతులు వేరు అని అతడి వాదన. ఇది తోసిపుచ్చదగినది కాదు. లోకంలోని చెడునంతా హింస అంటే ఆ మాటకు పదును తగ్గుతుంది. అయినప్పటికీ తెలుగు పల్లెలో పరిచర్య చేసేవారికి గాల్టుంగ్ మాటే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. మన దగ్గర కొట్టేవాడికి, నిర్మాణానికి మధ్య అంత దూరం లేదు.

కారంచేడు చూడండి. 1985 జూలైలో నాటి ప్రకాశం జిల్లాలోని ఆ గ్రామంలో, తాము తాగే చెరువు నీటిని గేదెల కుడితి బకెట్టుతో మురికి చేయవద్దని దళితులు అడ్డుచెప్పారు. మరునాడు, జూలై 17న, మాదిగపల్లెపై దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. బతికినవారు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దాడి ప్రత్యక్ష హింస. ఊరిలో భూమి ఎవరిది, కూలి ఎవరిది, చెరువు మెట్ల మీద ఎవరికి మాట్లాడే హక్కు ఉన్నది అనేవి అంతకు ముందునుంచీ ఉన్న నిర్మాణం. మూడవది కూడా ఉన్నది: మాదిగలు ఎదురు చెప్పడమే అవమానమని దాడిచేసినవారి మనసుల్లో పాతుకుపోయిన నమ్మకం. మొదటి రెంటినీ న్యాయమైనవిగా, సహజమైనవిగా కనపడేటట్లు చేసే ఇటువంటి ఆలోచనలకు, ఆచారాలకు, మత బోధలకు గాల్టుంగ్ 1990లో సాంస్కృతిక హింస అని పేరుపెట్టాడు.

సాంస్కృతిక హింస ఇతర మతాలకే పరిమితమని వేదాంత విద్యార్థి అనుకోకూడదు. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు సినడ్ 1857లో ఒక తీర్మానం చేసింది. అన్ని జాతుల విశ్వాసులూ కలిసి ఆరాధించడమే లేఖనానుసారమని అందులో ఒప్పుకున్నారు. అయితే కొందరి బలహీనతను బట్టి విడివిడిగా ఆరాధించడానికి అనుమతిస్తున్నామన్నారు. బలహీనుల కోసం ఇచ్చిన ఆ వెసులుబాటు ఆచారమైంది, ఆచారం వేరువేరు సంఘాలైంది. 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానంగా వచ్చే సమయానికి దానికి వేదాంత సమర్థన సిద్ధంగా ఉన్నది. మన జిల్లాల్లో ఒకే గ్రామంలో రెండు పల్లెలకు రెండు చర్చిలు, రెండు సమాధుల తోటలు ఎలా ఏర్పడ్డాయో విద్యార్థులు ఎవరైనా పరిశోధిస్తే, ఆ 1857 తీర్మానాన్ని పక్కన పెట్టుకొని చదవడం మంచిది.

చట్టంలో కూడా నిర్మాణగత హింస ఉండవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవ్యం స్వీకరించిన దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి. 'సి' వర్గంలోకి వస్తాడు. ఫలితంగా, కులం పేరిట దెబ్బలు తిన్నవాడు అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరితే, నీవు క్రైస్తవుడివి గదా అనే ప్రశ్న ఎదురవుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కాపరి పెట్టిన కేసులో ఈ ఉత్తర్వు ఆధారంగానే అతనికి ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. కొట్టినవాడు బాధితుని మతం అడిగి కొట్టలేదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి శాంతిని రెండు విధాలుగా చెప్పవచ్చు. ప్రత్యక్ష హింస లేకపోవడం అభావ శాంతి. నిర్మాణగత హింస కూడా తొలగి న్యాయం నెలకొనడం భావాత్మక శాంతి. యిర్మీయా 6:14లో ప్రవక్త ఖండించినది మొదటిదానికి రెండవదాని పేరుపెట్టడాన్నే. అలాగని అభావ శాంతిని తక్కువగా చూడరాదు. ఇళ్లు తగులబడుతున్న రాత్రి మంటలు ఆర్పడమే ముందు పని.

శాంతి పరిరక్షణ, శాంతి సాధన, శాంతి నిర్మాణం

ఈ మూడు మాటలు కూడా 1970లలో గాల్టుంగ్ విభజించినవే. 1992లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బౌత్రోస్ బౌత్రోస్ ఘాలీ భద్రతా మండలికి సమర్పించిన 'శాంతికొక కార్యక్రమం' అనే నివేదికతో లోకమంతా వ్యాపించాయి. కొట్లాడుకునేవారి మధ్య నిలబడి దూరంగా ఉంచడం పరిరక్షణ. మన పల్లెల్లో పోలీసు పికెట్ చేసే పని అది. ఇరుపక్షాలను ఒక ఒప్పందానికి తేవడం సాధన. సంఘర్షణకు మూలమైన పరిస్థితులను మార్చి, తెగిన సంబంధాలను తిరిగి అల్లడం నిర్మాణం. మొదటిదానికి గంటలు, రెండవదానికి నెలలు, మూడవదానికి తరాలు పడుతుంది.

ఈ భావనలను పరీక్షించడానికి విదేశాలకు పోనవసరం లేదు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య జరిగిన చర్చలు మన కళ్లముందే ఉన్నాయి. పీపుల్స్‌వార్ 1980లో ఏర్పడింది. ఆనాటినుండి దాదాపు పాతికేళ్లు ఎన్‌కౌంటర్లు, ప్రతీకార హత్యలు ఉత్తర తెలంగాణను, నల్లమల ప్రాంతాన్ని పీడించాయి. 1997లో విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా పౌర స్పందన వేదిక ఏర్పడింది. వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడిన అధికారిగా ఆయనకు పేరు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఒకరు. తనను బందీగా పట్టుకున్నవారి గురించి, తాను సేవచేసిన ప్రభుత్వం గురించి ఆయన ఒకే కొలతతో మాట్లాడారు. చట్టాన్ని మీరే ఉల్లంఘిస్తున్నారని ప్రభుత్వంతోను, ప్రజల పేరిట చేసే హత్యలు ప్రజలకు మేలు చేయడం లేదని పార్టీతోను వేదిక చెప్పింది. వేదిక సభ్యులు పల్లెలకు వెళ్లి రెండువైపులా నష్టపోయిన కుటుంబాలను కలిశారు.

మధ్యవర్తి అంటే ఎవరికీ చెందని పరాయివాడై ఉండాలని పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు ఒకప్పుడు బోధించేవి. మధ్య అమెరికా అనుభవాన్ని అధ్యయనం చేసిన పాల్ వేర్, జాన్ పాల్ లెడరాక్ 1991లో దీన్ని సవరించారు. ఆ సమాజానికే చెందినవాడు, ఒప్పందం కుదరకపోతే దాని ఫలితాన్ని తానూ అనుభవించవలసినవాడు, ఇరుపక్షాల నమ్మకం పొందినవాడు మంచి మధ్యవర్తి కాగలడని వారు చూపారు. శంకరన్ గారు ఆ కోవకు చెందినవారు. పల్లెలో కాపరి కూడా ఆ స్థానంలోనే ఉంటాడు. తాను ఏ పక్షానికీ చెందనని అతడు చెప్పుకున్నా ఎవరూ నమ్మరు. అతనికి కావలసినది తటస్థత కంటె విశ్వసనీయత.

2004లో ప్రభుత్వం మారింది. నిషేధాన్ని పొడిగించలేదు, కాల్పులు ఆగాయి. అక్టోబరు 15 నుండి 18 వరకు చర్చలు జరిగాయి. హోం మంత్రి జానారెడ్డి ప్రభుత్వ పక్షానికి నాయకత్వం వహించారు. ఆ వారంలోనే పీపుల్స్‌వార్, ఎం.సి.సి. కలిసి మావోయిస్టు పార్టీగా ఏర్పడినట్లు ప్రకటన వచ్చింది. జనశక్తి పార్టీ ప్రతినిధులు కూడా కూర్చున్నారు. చర్చలు ప్రధానంగా రెండు విషయాల దగ్గర చిక్కుపడ్డాయి: భూ పంపిణీ, ఆయుధాలతో గ్రామాల్లో తిరగడం. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు తిరిగి మొదలయ్యాయి, ఆ నెల మధ్యలో నక్సలైట్లు చర్చలనుండి వైదొలిగారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవారిని చంపారు. రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది.

రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో చెప్పిన తేడా ఇక్కడ పనికివస్తుంది. పైకి పట్టుబట్టేది ఒకటి, దాని వెనక ఉన్న అవసరం మరొకటి. ఆయుధాలు వదలాలి, వదలము అన్నవి పట్టుదలలు. గ్రామంలో చట్టం అమలుచేసే అధికారం తమదే కావాలన్నది ఒకరి అవసరం; ఆయుధం లేకపోతే తమ ప్రాణానికి భరోసా ఏదన్నది మరొకరి అవసరం. పట్టుదలల మీద మాట్లాడినంత కాలం ఒకరు గెలిస్తే మరొకరు ఓడాలి. విలియం జార్ట్‌మన్ చెప్పిన 'పక్వ సమయం' అనే భావన కూడా గమనించదగినదే. ఇక గెలవలేమని ఇరుపక్షాలకూ అర్థమై, కొనసాగడం ఇద్దరికీ బాధాకరమైనప్పుడే చర్చలు ఫలిస్తాయని అతడి సిద్ధాంతం. 2004లో రెండు పక్షాల్లోనూ ఇంకా గెలవగలమనుకునేవారున్నారని తరువాతి సంఘటనలు తెలియజేస్తాయి. శాంతి సాధన విఫలమైనా ఆ కాలంలోనే కోనేరు రంగారావు అధ్యక్షతన భూ కమిటీ ఏర్పడింది. ఒప్పందం కుదరకపోయినా నిర్మాణపు ఇటుక ఒకటి రెండు మిగలవచ్చు.

బలాబలాలు సమానం కానప్పుడు

పై ఉదాహరణలో రెండు పక్షాలకూ ఆయుధాలున్నాయి. కారంచేడులో ఒకరికి భూమి, అధికారం, ఆయుధం ఉన్నాయి; రెండవవారికి లేవు. అటువంటి చోట ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడమే శాంతి మార్గమని అనుకుంటే ఏమవుతుంది?

బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1973లో తొలి శాంతి అధ్యయనాల ఆచార్యుడైన ఆడమ్ కర్ల్, తానే అనేక యుద్ధాల్లో రహస్య మధ్యవర్తిగా పనిచేసినవాడు, దీనికి తేటగా సమాధానమిచ్చాడు. అసమాన సంబంధంలో మొదటి మెట్టు మధ్యవర్తిత్వం కాదు. బలహీనపక్షం తన స్థితిని గుర్తించాలి. అందుకు విద్య కావాలి. ఆ తరువాత అది లేచి నిలబడి అడగాలి, అది ఎదిరింపు. ఆ ఎదిరింపువల్ల బలాబలాలు కొంత సరిసమానమయ్యాకే చర్చకు అర్థముంటుంది. అంటే గుప్తంగా ఉన్న సంఘర్షణ బయటికి రావడం కూడా శాంతివైపు వేసే అడుగే. కారంచేడు తరువాత అదే సంవత్సరం దళిత మహాసభ ఏర్పడింది. బాధితులు ఊరికి తిరిగి వెళ్లి సర్దుకుపోవడానికి నిరాకరించి, చీరాలలోనే పునరావాసం కోరి సాధించుకున్నారు. ఊరి శాంతిని వారు చెడగొట్టారని అన్నవారు ఉండవచ్చు. కర్ల్ లెక్క ప్రకారం ఆ ఊరికి అంతకుముందు శాంతి లేదు.

దక్షిణాఫ్రికా వేదాంతులు సరిగ్గా 1985లోనే కైరోస్ పత్రం వెలువరించారు. అన్యాయం చేసేవాడు పశ్చాత్తాపపడకముందే సమాధానపడమని బాధితుణ్ణి కోరే వేదాంతాన్ని వారు 'సంఘ వేదాంతము' అని పేరుపెట్టి ఖండించారు. కారంచేడు, కైరోస్ ఒకే ఏడాదివి కావడం యాదృచ్ఛికమే గాని, వాటిని పక్కపక్కన పెట్టి బోధించడం మన తరగతులకు ఎంతో మేలు.

కృప, సత్యము, నీతి, సమాధానము

మెనోనైట్ సంఘానికి చెందిన జాన్ పాల్ లెడరాక్ 1980లలో నికరాగ్వాలో పనిచేశాడు. తూర్పు తీరపు ఆదివాసులకు, సాండినిస్టా ప్రభుత్వానికి మధ్య మొరావియన్ సంఘ నాయకులు సంధి ప్రయత్నం చేస్తుండగా వారితో ఉన్నాడు. గ్రామ సభలు ప్రారంభమైనప్పుడు 85వ కీర్తన 10వ వచనం చదివేవారు. ఆ వచనంలోని నాలుగు పదాలూ నలుగురు మనుషుల్లాగ అతనికి వినిపించాయి. తరువాత శిక్షణ తరగతుల్లో పాల్గొన్నవారిని నాలుగు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క పాత్ర అయి మాట్లాడమనేవాడు. సత్యము తన బాధ చెబుతుంది, కృప తన భయం చెబుతుంది. నలుగురూ కలుసుకునే స్థలానికి అతడు పెట్టిన పేరే సమాధానపాటు. ఏ ఒక్కరినీ బయట ఉంచి మిగిలినవారితో ఆ పని పూర్తికాదు.

మన సంఘాల్లో ఈ అభ్యాసం చేయించేవారికి ఒక సూచన. తెలుగు బైబిలు ఆ వచనంలో 'నీతి' అన్నది. నీతి అంటే మన జనం వ్యక్తిగత సత్ప్రవర్తన అనుకుంటారు. సారా తాగకపోవడం, అబద్ధమాడకపోవడం. మూలంలోని సెదెక్ అనే మాటలో న్యాయం చేయడం కూడా ఉన్నది. న్యాయము అని చెప్పకపోతే నాలుగవ జట్టు తన పాత్రనే పోగొట్టుకుంటుంది.

లెడరాక్ సంఘర్షణ పరిష్కారం అనే మాట కంటె సంఘర్షణ పరివర్తన అనే మాటను ఇష్టపడ్డాడు. పరిష్కారం గొడవను ముగించాలని చూస్తుంది. పరివర్తన ఆ గొడవను పుట్టించిన సంబంధాలను మార్చాలని చూస్తుంది. 1997లో ప్రచురించిన గ్రంథంలో సమాజాన్ని మూడు అంతస్తుల పిరమిడ్‌గా చూపాడు. పైన అధినాయకులు, అడుగున సామాన్య ప్రజలు, నడుమ ఉపాధ్యాయులు, మత నాయకులు, సంస్థల బాధ్యులు. నడుమ ఉన్నవారికి పైవారితోను కిందివారితోను మాట్లాడే వీలుంటుంది గనుక శాంతి నిర్మాణంలో వారే కీలకమని అతని వాదన. కాపరుల సమావేశాల్లో ఈ మాట చెబితే అందరూ సంతోషిస్తారు. నడుమ ఉన్నవాడు పైవారి మాటను కిందికి మోసే కూలీగా కూడా మారగలడన్నది అంతే నిజం.

ఆ నాలుగు పాత్రలూ ఒకేచోట చేరాలని ఒక దేశం చేసిన పెద్ద ప్రయత్నం దక్షిణాఫ్రికా సత్య, సమాధాన కమిషను. 1995 చట్టంతో ఏర్పడి, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996 ఏప్రిల్‌లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. దాదాపు 21,000 మంది బాధితుల వాంగ్మూలాలు నమోదు చేసింది. రాజకీయ కారణాలతో చేసిన నేరాన్ని పూర్తిగా చెప్పినవారికి క్షమాభిక్ష ఇవ్వవచ్చు. ఏడు వేలకు పైగా దరఖాస్తులు రాగా 849 మందికి అది లభించింది. అంటే అడిగినవారందరికీ ఉచితంగా పంచిపెట్టలేదు. ఈ సంగతి మన ప్రసంగాల్లో తరచుగా మరచిపోతాం. అయినా న్యాయం మాటేమిటని అడిగినవారున్నారు. పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బీకో కుటుంబం క్షమాభిక్ష నిబంధనను రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేసి 1996లో ఓడిపోయింది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటేటా పరిహారం ఇవ్వాలని కమిషను సిఫారసు చేయగా, 2003లో ప్రభుత్వం ఒక్కసారి 30,000 రాండ్లు ఇచ్చి సరిపెట్టింది. నేరస్థుని క్షమాభిక్ష వెంటనే అమలైంది, బాధితుని పరిహారం ఏళ్లు ఆలస్యమై తగ్గి వచ్చింది.

దీనికి దగ్గరి భావన పునరుద్ధరణ న్యాయం. 1974లో కెనడాలోని ఎల్మైరా పట్టణంలో ఆస్తులు ధ్వంసం చేసిన ఇద్దరు యువకులను, న్యాయమూర్తి అనుమతితో, బాధితుల ఇంటింటికీ తీసుకువెళ్లి నష్టం తీర్పించారు. ఏ చట్టం ఉల్లంఘన జరిగింది, ఏ శిక్ష వేయాలి అనే బదులు ఎవరికి గాయమైంది, వారికేమి కావాలి, అది తీర్చే బాధ్యత ఎవరిది అని అడగడం దీని పద్ధతి. హోవర్డ్ జెర్ 1990లో దీన్ని సిద్ధాంతంగా వివరించాడు. నేరస్థుడు తప్పు ఒప్పుకోవడం దీనికి పునాది. ఒప్పుకోనివాడి ముందు బాధితుణ్ణి కూర్చోబెడితే అది వేరొక పేరుతో జరిగే పెద్దమనుషుల పంచాయితీయే.

రాజీకి పిలిచినప్పుడు

చుండూరు కేసు సంగతి మన కాపరులు తెలుసుకోవాలి. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని ఆ గ్రామంలో ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా హాలులో కాలు తగిలిందన్న గొడవ, దాని తరువాత సాంఘిక బహిష్కరణ దానికి పూర్వరంగం. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం నెలకొల్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఇంతకాలం సాక్షులు అదే ఊరిలో, అదే పొలాల మధ్య, మాట మార్చకుండా బతకవలసి వచ్చింది. ఇటువంటి కేసులో మధ్యలో ఎవరైనా వచ్చి, 'కోర్టుల చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతారు, క్రైస్తవులు గదా, క్షమించి రాజీపడండి' అంటే, ఆ మాట ఏ పక్షానికి ఉపయోగపడుతుందో వేరుగా చెప్పనవసరం లేదు.

1989 నాటి అత్యాచార నిరోధక చట్టం కింది నేరాలను ఇరుపక్షాలూ తమంతట తాము రాజీ చేసుకోవడానికి చట్టం అనుమతించలేదు. స్వభావరీత్యా వ్యక్తిగతమైన తగవులనుండి పుట్టిన కేసుల్లో కోర్టు అరుదుగా రద్దుచేయవచ్చునని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అయితే బాధితుడు ఏ ఒత్తిడీ లేకుండా ఒప్పుకున్నాడో లేదో కోర్టు జాగ్రత్తగా చూడాలన్నది. కాపరి తెచ్చే ఒత్తిడి కూడా ఒత్తిడే. విశ్వాసికి అది పోలీసు ఒత్తిడికంటె బరువుగా ఉండవచ్చు.

కాబట్టి పిలుపు వచ్చినప్పుడు కొన్ని సంగతులు ముందుగా విచారించాలి. పిలిచినది ఎవరు, బాధితుడా, అతని యజమానా? ఒప్పుకోకపోతే ఎవరికి కూలి పోతుంది, ఎవరికి దారి మూసుకుపోతుంది? జరిగినదాన్ని చేసినవారు ఒప్పుకున్నారా? కేసు నమోదై ఉంటే కాపరి పని దానికి అడ్డుపడకుండా కుటుంబానికి తోడుండడమే. నీటి వంతు, గట్టు తగవు, సంఘ కమిటీ లెక్కల వంటివైతే కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. ఇద్దరినీ మొదట విడివిడిగా వినడం మంచిది. బలహీనుడు బలవంతుని ఎదుట తన మాటంతా చెప్పడు.

సహాయ కార్యక్రమాలు నడిపే సంఘాలకు మరొకమాట. మేరీ ఆండర్సన్ 1999లో రాసిన 'హాని చేయవద్దు' అనే గ్రంథం, సదుద్దేశంతో ఇచ్చిన సహాయం కూడా సంఘర్షణను ఎలా పెంచుతుందో వివరించింది. ప్రతి సమాజంలోను మనుషులను విడదీసేవి కొన్ని, కలిపేవి కొన్ని ఉంటాయని, సహాయం వాటిలో దేనికి బలమిస్తుందో చూసుకోవాలని ఆమె చెప్పింది. తుఫాను తరువాత బియ్యం ఏ పల్లెలో దింపాము, బోరు ఏ పేటలో వేశాము, జాబితా ఎవరు రాశారు, పక్కనున్న యానాదుల గుడిసెలు ఆ జాబితాలో ఉన్నాయా లేదా అనేవి ఈ లెక్కలోకి వస్తాయి. రెండు పేటలకూ మధ్యనున్న స్థలంలో బోరు వేస్తే నీళ్ల దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. అక్కడ మొదట కొంత గొడవ జరగవచ్చు, దానికి సిద్ధపడి ఇరువైపుల స్త్రీలతో కలిపి ఒక కమిటీ వేసుకుని మరీ వేయాలి.